పంట మనది, గల్లా ఎవరిది?

 

ఈ హాలు నుంచి చార్మినార్‌కు నడిచే వెళ్లొచ్చు. నిమ్రా దగ్గర నిలబడి ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకుని తిననివాళ్లు మీలో ఉండరు. ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబాలు మన నగరంలో ఇలాంటి హోటళ్లు మొదలుపెట్టాయి. వాళ్లు ఇక్కడ తేయాకు పండించలేదు. కానీ గల్లా దగ్గర కూర్చున్నారు, అందుకే ఆ రుచికి ఇరానీ చాయ్ అని వాళ్ల పేరే నిలిచింది.

అరకు కాఫీ కథ దీనికి తలకిందులు. అక్కడ పంట ఆదివాసీలది. బ్రిటిష్ వాళ్ల కాలంలో తూర్పు కనుమలకు వచ్చిన ఈ మొక్కను స్వాతంత్ర్యం తర్వాత అటవీ శాఖ, ఐటీడీఏ, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన రైతుల దగ్గరికి తెచ్చాయి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగలు. అయినా చాలా ఏళ్లు ఆ గింజ పేరు లేకుండానే బస్తాల్లో కొండ దిగింది.

పేరు తెచ్చే ప్రయత్నం ఒకటి మన హైదరాబాద్ నుంచే జరిగింది. 1998లో ఇక్కడ మొదలైన నాంది ఫౌండేషన్ అరకు రైతులను సహకార సంఘంగా కూడగట్టి, సేంద్రియ పద్ధతిలో కాఫీ పండించే పని చేపట్టింది. 2017లో 'అరకు' పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2021లో బెంగళూరులో, ఆ తర్వాత ముంబైలో కేఫ్‌లు వచ్చాయి. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గిరిజన సహకార సంస్థ అమ్మే 'అరకు వ్యాలీ కాఫీ' వేరు. దాని స్టాళ్లు 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలోనూ పెట్టారు. రెండూ ఒకటే అనుకోకండి.

ఒక దుకాణం పది దుకాణాలు కావాలంటే ప్రతిచోటా అదే రుచి రావాలి. ఆ రుచి కొండ మీదే మొదలవుతుంది. ఎర్రగా పండిన పండే కోయాలి. కోసిన రోజే తోలు తీయాలి. శుభ్రంగా ఆరబెట్టాలి. పచ్చికాయలు కలిస్తే కప్పులో తెలిసిపోతుంది.

నేను టీచర్ని కాబట్టి ఒక చిన్న లెక్క చెబుతాను. సుమారు 6 కిలోల పండ్ల నుంచి 1 కిలో పచ్చి గింజలు వస్తాయి. వేయిస్తే 850 గ్రాముల దాకా మిగులుతాయి. కప్పుకు 17 గ్రాముల చొప్పున 50 కప్పులు. ఇప్పుడు మీరు చూసిన ఏ కేఫ్ ధరతోనైనా ఆ 50ని గుణించండి. తర్వాత 6 కిలోల పండ్లకు రైతుకు ఎంత వచ్చిందో అడగండి. మధ్యలో అద్దె, జీతాలు, పాలు, కరెంటు ఉంటాయి, కాదనను. అయితే ఆ మధ్యలోనే వేయించేవాళ్లు, రుచి చూసి ధర కట్టేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు కూడా ఉన్నారు. ఆ కుర్చీల్లో మనవాళ్లు ఎందరు?

కేఫ్‌లో కప్పులు అందించే ఉద్యోగం తక్కువది కాదు. అక్కడ చేరండి, కానీ అక్కడే ఆగిపోకండి. మిషన్ ఎలా నడుస్తుందో, సరుకు ఎక్కడ కొంటారో, నెలాఖరుకు ఏం మిగులుతుందో గమనించండి. కాఫీ బోర్డు బెంగళూరులో కాఫీ నాణ్యతపై పీజీ డిప్లొమా నడుపుతోంది. కాఫీ వేయించడం, కలపడం నేర్పే 'కాపీ శాస్త్ర' అనే చిన్న శిక్షణ కూడా ఉంది. సైన్సు చదివేవాళ్లు అర్హతలు ఇప్పుడే చూసుకోండి. కామర్స్ పిల్లలూ, సహకార సంఘం ఖాతాలు చదవగలిగేవాళ్లు ప్రతి గూడేనికీ కావాలి.

ఇది కాఫీకే కాదు. ఇప్పపువ్వుకూ, తేనెకూ, చింతపండుకూ ఇదే లెక్క. పండించడం, ఏరడం మన పెద్దలు నేర్పారు. తూకం, ధర, గల్లా మీరు నేర్చుకోవాలి.

జోహార్.