బిగిసిన బ్రేకు డ్రమ్ము



సముద్రపు గాలి సోకు ఊళ్లలో ఇనుము ఎంతకాలము నిలుచునో మీకు వేరుగ జెప్పనక్కఱలేదు. కృష్ణపట్నము మొదలు ఇసకపల్లి, జువ్వలదిన్నె, రామాయపట్నము వఱకు ఏ యింట జూచినను కిటికీ చువ్వలును తలుపు గొళ్లెములును తుప్పు పట్టియే యుండును. నెల్లూరి సీమకు పెద్దవానలు ఈశాన్యపు గాలులతో ఆశ్వయుజ కార్తికములందు వచ్చును. కుమారులు దూరదేశముల నుద్యోగములు చేయుచు, ఇంటి ముంగిట కారొక్కటి విడిచిపోవుట యిప్పుడు గ్రామములలో సామాన్యమైనది. ఆ కారు చేతిబ్రేకు వేసి, వానకాలమంతయు కదలక నిలిచినచో, సంక్రాంతికి వారు వచ్చి నడుపబోవు వేళకు చక్రము తిరుగదు. తిరుగని చక్రమును ఊడదీయుట యెట్లన్నదే నా ప్రసంగ విషయము.

బ్రేకు డ్రమ్మనగా చక్రము లోపలనుండు పోతయినుప గిన్నె. బోర్లించిన మూకుడు వలె నుండును. దానిలో నెలవంక యాకారముగల రెండు షూలు గలవు. కాలితో బ్రేకు నొక్కగనే యవి విచ్చుకొని గిన్నె లోపలి గోడ నొరయును. ఆ యొరపిడిచేత బండి నిలుచును. పాత అంబాసిడరు బండ్లకు సాధారణముగ నాలుగు చక్రములకును డ్రమ్ములే. తరువాతి చిన్న కార్లలో పెక్కింటికి వెనుక చక్రములకు మాత్రమే యున్నవి. చేతిబ్రేకు లాగునది సామాన్యముగ ఈ వెనుక షూలనే.

తడిలో నిలిచిన బండికి షూలు డ్రమ్మునకు అంటుకొనుట యొక విధము. ఇది యంత కష్టము గాదు. డ్రమ్ము నడిమి రంధ్రము హబ్బుపై కూర్చుండు చోట తుప్పు పట్టుటయే దుర్ఘటము. తుప్పు తాను పుట్టిన యినుము కంటె హెచ్చు చోటు నాక్రమించును. వెండ్రుకవాసి సందులో నది పెరిగినచో చీలకొట్టినట్లే బిగియును. ఉప్పుగాలి తేమను నిలుపుటయే గాక తుప్పును త్వరపెట్టును. (మన భాష యినుమునకు తుప్పనియు, రాగి యిత్తడులకు చిలుమనియు వేఱు పేర్లు పెట్టినది. వైద్యులు ఇనుప కిట్టమును మండూరమని భస్మము చేయుదురు. మన కారునకు మాత్ర మది యౌషధము గాదు.) ఇక మూడవది అరుగుదల. చిరకాలము దంచిన రోటికి నడుమ గుంటపడి అంచు మిగిలినట్లు, డ్రమ్ము లోపల అరిగి అంచున గట్టు లేచును. ఆ గట్టు షూలను తగిలి గిన్నెను బయటికి రానీయదు.

మా ప్రాంతమున నొక రైతుగారి అంబాసిడరునకు ఇట్లే యయినది. పనివాడు తొందరపడి సమ్మెటతో డ్రమ్ము అంచుపై మోదెను. పోతయినుము వంగదు, పగులును. అరచేతి వెడల్పు ముక్క లేచిపోయినది. అంబాసిడరు నిర్మాణము 2014లోనే నిలిచిపోయినది గదా. బదులు డ్రమ్మునకై ఆయన మదరాసు పాతసామానుల యంగళ్లు తిరుగవలసివచ్చెను. ఒక రాత్రి యోర్చినచో ఆ తిరుగుట తప్పియుండును.

పనికి బూనునప్పుడు మొదట నేల చూడవలెను. మన తీరపు ఇసుకలో జాకీ దిగబడును; దాని క్రింద మందపు పలక వేయవలెను. ముందు చక్రములకు ఇరువైపుల రాళ్లు గట్టిగ నానించి, చక్రపు నట్లను బండి నేలపై నున్నపుడే కొంచెము సడలించి, ఆ పిమ్మట వెనుక భాగము నెత్తవలెను. ఎత్తినవెంటనే ఇరుసు క్రింద బలమైన దిమ్మెలు పెట్టవలెను. జాకీ నొక్కదానినే నమ్మి బండి క్రింద తల దూర్చిన వారిలో కొందఱు మఱల లేవలేదు. ఈ మాట నవ్వులాటకు చెప్పుట లేదు.

చక్రము తీసి, గేరు తటస్థముగ నుంచి, చేతిబ్రేకు పూర్తిగ వదలి, డ్రమ్మును తిప్పి చూడవలెను. తిరుగునుగాని వెలికి రాకున్నచో గట్టునో నడిమి తుప్పునో అనుమానింపవలెను. అసలే తిరుగకున్నచో షూలు పట్టియున్నవని యూహింపవచ్చును. ఈ రెంటిలో ఏదియైనను, వెనుక రేకునందలి సర్దుబాటు మరను సడలించి షూలను దగ్గఱకు రప్పింపవలెను. కొన్నింట నది చదరపు తలగల మొల, కొన్నింట రంధ్రము గుండ తిప్పు పండ్లచక్రము. డ్రమ్ము ముఖముపై చిన్న స్క్రూలున్నచో మఱవక తీయవలెను. కొన్ని బండ్లలో డ్రమ్మును హబ్బును బేరింగును ఒకటిగనే యుండును; అట్టి వానిని తెలిసినవారికి వదలుట మేలు.

అప్పటికిని రాకున్న, తుప్పు వదల్చు నూనె నాలుగు చుక్కలు హబ్బు చుట్టునను బోల్టుల మొదళ్లను మాత్రము వేసి, తెల్లవారువఱకు విడువవలెను. నూనె లోపలి షూలకు తగిలెనా బ్రేకు జారును. మఱునాడు కొయ్య సుత్తితో ముఖముపై, హబ్బు చుట్టును, డ్రమ్మును త్రిప్పుచు మెల్లగ తట్టవలెను. ముఖమున రెండు మరరంధ్రము లున్నచో తగిన బోల్టులు చేర్చి, ఇటు కొంత అటు కొంత సమముగ బిగింపవలెను; డ్రమ్ము తనంతట వెడలివచ్చును. బండిచక్రమునకు పట్టా వేయు కమ్మరి దానిని కాల్చి వెడల్పు చేసి యెక్కించును గదా, డ్రమ్మును గూడ కాల్చిన వదలదా యని మీ రడుగవచ్చును. న్యాయము సరియే గాని, ఇచ్చట దగ్గఱనే రబ్బరు తొడుగులును, బ్రేకు ద్రవమును, మనము పోసిన నూనెయు నున్నవి. ఇంటియొద్ద నిప్పు తగదు.

డ్రమ్ము వచ్చిన పిదప లోపలి ధూళి నూదరాదు. పాత షూలలో రాతినార యుండును. అది యూపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడువవలెను. డ్రమ్ము లేనపుడు బ్రేకు నొక్కినచో లోపలి పిస్టనులు బయటపడును గనుక పిల్లలను బండి యెక్కనీయరాదు. సిలిండరు వద్ద తడి కనబడినచో అది బాగుపడువఱకు బండి కదలరాదు. అన్నియు సరిగ నున్న, హబ్బు తుప్పును గీకుడు కాగితముతో తీసి, అచ్చటనే పలుచగ గ్రీజు రాసి, డ్రమ్ము నెక్కించి, షూలను సర్దుబాటు చేయవలెను. ఎదుటి వెనుక చక్రమును గూడ చూచుట మంచిది. ఒకటి పట్టినచోట రెండవది పట్టకుండుట యరుదు.

కాలిక్రింద గట్టిదనము తగులువఱకు పలుమారులు బ్రేకు నొక్కి, జనము లేని బాటపై మెల్లగ నడుపవలెను. కొంతదూరము పోయి, దిగి, చక్రముల దగ్గఱ అరచేయి తగిలీ తగులకుండ నుంచి చూడుడు. ఒకటి తక్కినదానికంటె మిక్కిలి వేడిగ నున్నచో ఆ షూ ఇంకను వదలలేదని తెలిసికొని, సర్దుబాటు మర మఱి కొంచెము సడలింపవలెను. వచ్చు వానలకు బండిని నిలుపునపుడు చేతిబ్రేకు వేయక, గేరు వేసి చక్రములకు రాళ్లు పెట్టి, పదిదినములకొకమారు నాలుగు బారలు ముందునకు వెనుకకు కదపుడు.