అమ్మిన వస్తువు తిరిగి వస్తే

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. మహాప్రవక్త ముహమ్మద్ (స) పై శాంతి, శుభాలు కురియుగాక!



మన మెదక్ యువకుడొకడు తాను వాడిన సెల్‌ఫోన్‌ను ఆన్‌లైన్‌లో అమ్మాడు. బ్యాటరీ బలహీనమని ముందే చెప్పాడు. పది రోజుల తరువాత కొన్నవాడు పగిలిన అద్దంతో వచ్చి, పూర్తి సొమ్ము ఇవ్వకుంటే మోసగాడివని చాటుతానన్నాడు. “మౌలానా, నేనేం చేయాలి?” అని ఆ యువకుడు నన్ను అడిగాడు.

ముందు నీ మనస్సాక్షిని అడుగు అన్నాను. దైవప్రవక్త (స) మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. ఆ తడిని పైకి కనిపించేలా ఉంచవలసిందని వర్తకుణ్ణి మందలించారు. లోపం దాచి ఉంటే సొమ్ము తిరిగి ఇవ్వడం నీ విధి. దాచకుంటే, కొన్నవాని చేతిలో జరిగిన నష్టం నీది కాదు. సాక్ష్యం చూపవలసినవాడు ఆరోపించినవాడే. అయితే, కొని పశ్చాత్తాపపడినవాని నుండి వస్తువు తిరిగి తీసుకోవడం ‘ఇఖాలా’ అనే పుణ్యకార్యం. అది ఇష్టపూర్వకంగా చేసే మేలు. బెదిరించి రాబట్టేది కాదు.

కొనేవారలారా! ముతఫ్ఫిఫీన్ సూరా తాను తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాణ్ణి హెచ్చరిస్తోంది. మంచి వస్తువు తీసుకుని, పగలగొట్టి, పూర్తి ధర అడగడం ఆ కోవలోనిదే.

బఖరా సూరా 282వ ఆయత్ అప్పులను వ్రాసుకోమని, క్రయవిక్రయాలకు సాక్షులను ఉంచుకోమని ఆదేశిస్తోంది. కనుక వస్తువు అప్పగించేటప్పుడు ఫోటోలు తీయండి, సందేశాలను భద్రపరచండి. వివాదం వస్తే దూషణకు దిగక, ఇద్దరు పెద్దల ముందు కూర్చోండి.

అల్లాహ్ మనకు హలాల్ సంపాదనను, అందులో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.