దీపము క్రింది చీకటి
(నెల్లూరు తీరమందలి యొక పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన యుపన్యాసము)



దీపములు పెట్టు వేళ యైనంతనే మన యిండ్లలోను, అంగళ్లలోను, కార్ఖానాలలోను విద్యుత్తు వాడకము ఒక్కసారిగ పెరుగును. అదే సమయమున సూర్యుడస్తమించి సౌరవిద్యుత్తు నిలిచిపోవును. ఆ కొద్ది గంటల గిరాకికై, తక్కిన వేళల పనిలేక యుండు యంత్రములను గూడ పోషింపవలసి వచ్చుచున్నది. ఆ వ్యయము తుదకు మన బిల్లులలోనే చేరును. కావున ఆ వేళ వాడకము తగ్గవలెననుట న్యాయమే. ఎవరు తగ్గింపవలెను, ఏ నియమమును బట్టి తగ్గింపవలెను అనునదియే ప్రశ్న.

చట్టము రెండు మార్గములు చూపుచున్నది. మొదటిది ఆజ్ఞ. 2003వ సంవత్సరపు విద్యుచ్ఛక్తి చట్టము 23వ సెక్షను ప్రకారము సరఫరాను, వినియోగమును క్రమపరచు ఉత్తరువుల నిచ్చు అధికారము నియంత్రణ కమిషనునకు కలదు. 2022 ఏప్రిలులో మన రాష్ట్రమున విద్యుత్తు చాలనప్పుడు, నిరంతరము నడచు పరిశ్రమలు సగము వాడకముతో సరిపెట్టుకొనవలెననియు, తక్కినవి వారమున కింకొక దినము మూయవలెననియు కట్టుబాటు వచ్చినది. దినకూలికి అట్టి సెలవు పస్తుతో సమానము గదా!

రెండవది ధర. 2023 జూనులో కేంద్రప్రభుత్వము విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమములను సవరించినది. దాని ప్రకారము గిరాకీ వేళలలో వర్తక పరిశ్రమలకు ధర మామూలు ధరకు 1.20 రెట్లకును, ఇతరులకు 1.10 రెట్లకును తగ్గరాదు. సూర్యకాంతి గల 8 గంటలు మాత్రము నూటికి 20 వంతులైనను తగ్గింపవలెను. మామూలు ధర యూనిటుకు 6 రూపాయలనుకొనుడు: గిరాకీ వేళ దుకాణదారునకు 7 రూపాయల 20 పైసలు, గృహస్థునకు 6 రూపాయల 60 పైసలు, పగలు 4 రూపాయల 80 పైసలు. 10 కిలోవాట్లు మించిన వర్తక పరిశ్రమలకు 2024 ఏప్రిలు 1, తక్కినవారికి 2025 ఏప్రిలు 1 గడువులుగా నిర్ణయించిరి. స్మార్టు మీటరు పెట్టినచో వెంటనే యిది వర్తించును. ఆ మీటరు పెట్టక పూర్వపు కాలమునకు, అది చూపిన గరిష్ఠ వాడకమును బట్టి జరిమానా వేయరాదనియు అందే కలదు. ఈ మాట ప్రతివారును జ్ఞాపకముంచుకొనవలయును.

వ్యవసాయదారులకు ఈ పద్ధతినుండి మినహాయింపు కలదు. మన చిక్కు ఇచ్చటనే యున్నది. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు ప్రాంతముల రొయ్యల గుంటలు సేద్యమా, పరిశ్రమయా? మన రాష్ట్రపు ధరల పట్టికలో అవి సేద్యసంబంధమగు తరగతిలోనే చేరియున్నవి. అయినను సేద్యపు మోటార్లకున్న ఉచిత విద్యుత్తు వానికి లేదు. కేంద్ర నియమము "వ్యవసాయదారుడు" అనునే గాని వాడెవ్వడో వివరింపలేదు. పగలు నీటిలోని నాచు ప్రాణవాయువు నిచ్చును. రాత్రి అదియే ప్రాణవాయువును పీల్చును. తెల్లవారుజామునకు అది మిక్కిలి క్షీణించును. అప్పుడు ఏరేటర్లు ఆగినచో పంట యంతయు ఒక్క పూటలో తేలిపోవును. సాయంకాలము కొంత తగ్గింపవచ్చును గాని, వేకువ వాడకమును పగటికి మార్చుట ఎవరి తరము? మార్చుకొనగలిగియు మార్చుకొననివానికి అధిక ధర హెచ్చరిక. మార్చుకొనజాలనివానికి అది దండనయే.

ముత్తుకూరు మండలము నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు నడుచుచున్నవి. బూడిదయు పొగయు మనవి, వెలుతురు రాష్ట్రమునది. అందులకు మనము చింతింపము. కాని నియమములు వ్రాయునప్పుడు మన మాట వినుమని యడుగుట తప్పుగాదు.

ఆ హక్కును చట్టమే యిచ్చినది. 64వ సెక్షను ప్రకారము ధరల దరఖాస్తును ప్రకటింపవలెను. ప్రజల సూచనలను, ఆక్షేపణలను పరిశీలించిన పిమ్మటనే, 120 దినములలోగా కమిషను ఉత్తరువు నీయవలెను. ఈ పఠనమందిరమువారు ఆ ప్రకటనను తెలుగున చదివి వినిపింపుడు. రొయ్యల రైతులు తమ గుంటల లెక్కలతో విచారణకు పొండు. మినహాయింపులో తమ పేరు స్పష్టముగ వ్రాయుమని కోరుడు.

మన కర్తవ్యమును మరువరాదు. ఐసు ఫ్యాక్టరీవారు వీలైనంత మంచు పగలే కట్టింపుడు. గృహస్థులు నీటి మోటారును, బట్టల యంత్రమును మధ్యాహ్నమునకు మార్చుడు. మార్చుకొనగలవారు మార్చుకొన్ననాడే, మార్చుకొనజాలనివారి పక్షమున అడుగుటకు మనకు నోరుండును. లేనియెడల దీపము మన తీరమున వెలుగును. దాని క్రింది చీకటియు మనకే మిగులును.