రేపు సాయంత్రం అయిదులోగా



అమెరికాలో సియాటిల్ పక్కన కర్క్‌లాండ్ అనే ఊరుంది. మైక్రోసాఫ్ట్ కొలువుల వల్ల ఆ చుట్టుపక్కల మనవాళ్లూ చాలామందే ఉంటారు. అక్కడి లైఫ్ కేర్ సెంటర్ అనే వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో కరోనా పాకిందని 2020 ఫిబ్రవరి 29న బయటపడింది. మార్చి 18 నాటికి లోపల ఉంటున్నవాళ్లలో 101 మందికి, సిబ్బందిలో 50 మందికి, చూడవచ్చినవాళ్లలో 16 మందికి సోకినట్టు లెక్క తేలింది.

ఆ రోజుల్లో బంధువులు పడిన యాతన చదివితే మనసు కుదుటపడదు. లోపలికి వెళ్లే వీల్లేదు. కిటికీ అద్దానికి ఇవతల నిలబడి, అవతల మంచం మీదున్న తల్లితో సెల్‌ఫోన్‌లో మాట్లాడారు. ఒక కూతురికి తెల్లవారకముందే ఫోన్ వచ్చింది, మీ అమ్మ పోయిందని. కొన్ని గంటలకు అక్కడినుంచే ఇంకో ఫోన్: మీ అమ్మకు జ్వరం లేదు, బాగానే ఉందని. తల్లి నిజంగానే పోయింది. చివరికి కుటుంబాలవాళ్లు ఆ భవనం బయటే విలేకరులను పిలిచి, మావాళ్లు ఎలా ఉన్నారో చెప్పండి అని అడగాల్సి వచ్చింది.

సిబ్బంది మనసులేనివాళ్లని నేననను. వాళ్లే పదులకొద్దీ మంచాన పడ్డారు. మిగిలినవాళ్లు మందులివ్వాలా, ఫోన్లెత్తాలా? కబురు చెప్పడం కూడా వైద్యంలో భాగమేనని, దానికంటూ ఒక మనిషి ఉండాలని ముందే అనుకోకపోతే ఎక్కడైనా జరిగేది ఇదే.

మార్చి 13న అమెరికా ప్రభుత్వం దేశమంతటా నర్సింగ్ హోమ్‌లకు సందర్శకులను దాదాపుగా ఆపేసింది. మే 8న ఒక నియమం వచ్చింది: ఒక్కరికి కరోనా ఖాయమైనా, 72 గంటల్లో ముగ్గురికి కొత్తగా దగ్గు, ఆయాసం లాంటివి కనిపించినా, మర్నాడు సాయంత్రం 5 గంటలలోగా అందరి కుటుంబాలకూ తెలపాలని. గడియారం పెట్టడం గొప్ప పని. కానీ రికార్డు చేసిన ఫోన్ సందేశమైనా చాలన్నారు. అందులో ఎందరికి వచ్చిందో తెలుస్తుంది. మా నాన్న ఇవాళ రెండు ముద్దలు తిన్నాడా అన్నది తెలియదు.

ఇంటివాళ్లు చెప్పేదీ లోపలికి చేరాలి. ఈయనకు చెవుడు, పెదవులు చూసి మాట అర్థం చేసుకుంటాడు, మాస్కు వేసుకుని పలకరిస్తే తికమకపడతాడు. ఆమెకు మతిమరుపు, నొప్పి అని చెప్పదు, అన్నం మానేస్తుంది. కొత్తగా డ్యూటీకొచ్చిన నర్సుకు ఇవన్నీ ఎవరు చెబుతారు? రోజూ వచ్చే కూతురిని గేటు దగ్గరే ఆపేశాం కదా.

ఇక మన 2007 నాటి వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది పేద వృద్ధులకు చోటు రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చంటుంది. అంటువ్యాధి వస్తే కుటుంబానికి ఎప్పుడు చెప్పాలో అందులో లేదు. పిల్లలు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న తల్లిదండ్రులు మన ఆశ్రమాల్లో ఎందరో! 2020 మార్చిలో విమానాలు ఆగాక వాళ్లకు ఫోనే దిక్కయింది.

అందుకే నేను కోరేది చేర్చుకునే రోజున నింపే ఒక కాగితం. మొదటి ఫోన్ ఎవరికి, వాళ్లు ఎత్తకపోతే ఎవరికి, పరదేశంలో ఉంటే ఏ వేళకు, నిద్రలేపి అయినా చెప్పాల్సినవి ఏవి, మా దగ్గర ఈ ఫోన్లు చూసే మనిషి ఎవరు. తనిఖీకి వచ్చే అధికారి వంటగదితోపాటు ఆ కాగితాన్నీ అడిగి చూడాలి.