ఇంట్లో కూర్చొని చేసినా అది శ్రమే

(నార్సింగిలో చేతిపని చేసే మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





"మీరేం పని చేస్తారు?" అని మేము ఇంటింటికీ వెళ్ళి అడిగినప్పుడు తరచుగా వినవచ్చే జవాబు ఒకటే: "ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటాను." ఆ జవాబు చెప్పే సోదరి వెనుకే కార్చోబ్ చట్రం ఉంటుంది. దానిమీద సగం కుట్టిన పెళ్ళి జాకెట్టు ఉంటుంది. పక్కన చీర కుచ్చులు, పట్టుదారం చుట్టిన గాజులు, రాళ్ళ డబ్బాలు. నాలుగు రోజులు గడిస్తే ఆ జాకెట్టు కోకాపేటలోనో మణికొండలోనో ఒక బొటిక్ అద్దాల వెనుక "మగ్గం వర్క్" పేరుతో వేలాడుతుంది. కుట్టిన చేతి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. "ఏమీ లేదు" అనే ఆ మాట గురించే ఈరోజు మాట్లాడదలచుకున్నాము.

సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదికలో ఒక అంకె ఉంది. పనిచేసే ముస్లిం మహిళల్లో 70 శాతం మంది స్వగృహంలోనే పనిచేస్తున్నారు. మొత్తం మహిళా శ్రామికుల్లో ఇది 51 శాతం. అంటే మన స్త్రీలు పనిచేయడం లేదన్న అపవాదు నిజం కాదు. వారి పని గడప దాటి కనబడటం లేదు, అంతే. కనబడని పనికి ధర నిర్ణయించేది ఎప్పుడూ ఎదుటివాడే.

చేతిపని చిన్నతనమని భావించేవారికి ఒక్క మాట. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్త్ జహష్ (రజి) తోళ్ళు పదునుచేసి, కుట్టి, ఆ సంపాదనను దానధర్మాలకు వెచ్చించేవారు. ఇక కూలి చెల్లింపులో జాప్యం తగదన్న ప్రవక్త (స) హితబోధ మనకు తెలియనిది కాదు. తెలియనట్లు నటించే వ్యాపారుల్లో మనవారూ ఉన్నారు. దాచవలసిన పని లేదు.

చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ వైపు చూద్దాం. బొగ్గుల సెగ మీద లక్క ముద్దను మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, వలయంగా వంచి, అది చల్లారకముందే ఒక్కొక్క రాయినీ అద్దపు ముక్కనూ పొదుగుతారు. వేడి ఎక్కువైతే లక్క జారిపోతుంది, తగ్గితే రాయి పట్టదు. ఆ క్షణాన్ని కనిపెట్టేది కొలమానం కాదు, వేలికొన. చేతివృత్తిదారుల సంఘం ఒకటి 2022లో పెట్టిన దరఖాస్తు ఫలించి, 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. మంచిదే. అయితే 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం ప్రకారం ఆ పేరును హక్కుగా వాడుకోవాలంటే తయారీదారు "అధీకృత వినియోగదారు"గా నమోదు కావాలి. నమోదైన వారందరూ దుకాణదారులే అయి, రాళ్ళు పొదిగే ఇల్లాళ్ళు ఒక్కరూ లేకపోతే, ఆ గుర్తింపు అంగడి బోర్డుకే తప్ప చేతికి చేరదు.

చట్టం మన పనిని ఎన్నడో గుర్తించింది. ఇతరులు ఇచ్చిన సామగ్రితో వారి వ్యాపారం కోసం ఇంట్లో వస్తువు తయారుచేసి ఇచ్చేవారిని 1948 నాటి కనీస వేతనాల చట్టమే ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం, 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ గృహాధారిత కార్మికులకు నిర్వచనం ఇచ్చాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో గృహ శ్రమపై 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం మాత్రం దానిని ధ్రువీకరించలేదు. 2023 సెప్టెంబరులో ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఉన్నాడు, పూలదండలు కట్టేవారున్నారు. లక్క గాజుల వారు లేరు, కార్చోబ్ వారు లేరు. ఈ రెండింటినీ చేర్చాలని మనం సంతకాలతో అడగాలి.

మనల్ని మనమూ అడుగుకోవాలి. 2015 జనవరిలో పాతబస్తీ భవానీనగర్ ప్రాంతపు గాజుల కార్ఖానాల నుండి పోలీసులు బీహార్‌కు చెందిన రెండువందలకు పైగా బాలలను విడిపించారు. తలుపు మూసిన గదిలో జరిగే పని ఎంత సులభంగా దౌర్జన్యానికి ఆశ్రయమిస్తుందో ఆ ఘటన చూపింది. మన ఇళ్ళలోనూ బడి ఈడు పిల్లను రాళ్ళు అతికించడానికి కూర్చోబెట్టి "కాస్త చేయి సాయం" అనుకోవడం జరుగుతోంది. హక్కులు అడిగే ఇంట్లో ఆ పిల్ల బడిలో ఉండాలి. లక్క కాచేచోట కిటికీ తెరచి ఉండాలి. కార్చోబ్ మీద దీపం వెలుతురు చాలినంత ఉండాలి. కళ్ళు పోయాక ఏ కార్డూ వాటిని తిరిగి ఇవ్వదు.

ఇప్పుడు లెక్క. ఒక జాకెట్టుకు మూడు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు పట్టి, చేతికి 900 రూపాయలు వచ్చాయనుకుందాం. గంటకు 37 రూపాయల 50 పైసలు. సూది, దారం, కరెంటు, ఆటో ఛార్జీ మీవే అయితే అదీ మిగలదు. ధర అడిగేముందు గంటలు రాసుకోండి. ఒక నోటుపుస్తకంలో తేదీ, సామగ్రి ఇచ్చినవారి పేరు, ఎన్ని ముక్కలు, ఒప్పుకున్న రేటు, డబ్బు ముట్టిన రోజు రాసి, తెచ్చేవారితో సంతకం పెట్టించండి. పూర్తయిన ప్రతి వస్తువుకూ ఫోటో తీసి ఉంచండి. ఒంటరిగా అడిగితే "వేరే వాళ్ళకిస్తాం" అంటారు. ఒక వీధిలోని పదిమందీ ఒకే రేటు చెబితే ఆ మాట అనడం కష్టం.

ఆదాయపు పన్ను కట్టని, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. లేని, 16 నుండి 59 ఏళ్ళలోపు వారు ఆధార్‌తో ఈ-శ్రమ్‌లో నమోదు కావచ్చు. కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ కింది హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం "పహచాన్" పేరిట కళాకారుల గుర్తింపు కార్డు ఇస్తుంది. ఫారాలు మా బల్ల మీద ఉన్నాయి. వృత్తి అని అడిగిన గడిలో "గృహిణి" అని రాయకండి. కార్చోబ్ పనివారు కార్చోబ్ అని, గాజులవారు గాజుల తయారీ అని రాయండి. రాయడం రానివారి పక్కన మా అమ్మాయిలు కూర్చుంటారు.