పాతిక మార్కుల పొలం



సుప్రీంకోర్టు చెప్పబట్టి డిగ్రీలో పర్యావరణ పాఠం తప్పనిసరి అయింది. 2003లో యూజీసీ ఇచ్చిన సిలబస్‌లో 50 పాఠాలుంటే 5 బయట తిరిగి నేర్చుకునేవి. నూటికి 25 మార్కులు వాటివే. చెరువు, గుట్ట, పురుగు, పిట్ట చూడమని రాసే ఉంది. మరి జరుగుతున్నదేమిటి? జిరాక్స్ సెంటర్లో రికార్డు కొని సంతకం పెట్టించుకోవడం!

పోయినేడు ఒక కాలేజీవాళ్లు బస్సులో మా ఊరొచ్చారు. చెరువుగట్టు మీద ఫోటోలు దిగి మధ్యాహ్నానికల్లా వెళ్లిపోయారు. తూము ఎక్కడని ఒక్కరూ అడగలేదు. వాళ్లలో మా ఊరి అమ్మాయి ఒకతె ఉంది. జొన్నలో కంది, అలసంద ఎన్ని సాళ్లకొకటి వేయాలో వాళ్లమ్మ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆ అమ్మాయి మాత్రం నోరు విప్పలేదు, తల్లి కూలికి పోతుందని తోటివాళ్లకు తెలుస్తుందేమోనని. ఆ పూట మాకు అన్నం సయించలేదు.

అందుకే అడుగుతున్నాం. జూన్‌లో ఏరువాకకు రండి, రెండు రాత్రులుండండి. సంక్రాంతికి జహీరాబాద్ వైపు పాత పంటల జాతరలో విత్తనాల ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి, అక్కడికీ పిల్లల్ని తీసుకెళ్లండి. పొలంలో పాఠం చెప్పిన ఆడమనిషికి ఆ రోజు కూలి కాలేజీ ఇవ్వాలి. గెస్ట్ లెక్చరర్‌కి ఇస్తున్నారు కదా!

పడుకోవడానికి మా ఇళ్లున్నాయి. మరుగుదొడ్డి అన్ని ఇళ్లలో లేదు, ముందే చెబుతున్నాం. తేదీ మీరు చెప్పండి.