ఓయామా వారి అంగడి, వంటశాల



జపాను దేశమున క్యూషూ ద్వీపమందు, ఓయితా మండలములో, ఓయామా యను కొండపల్లె కలదు. వరికి తగిన చదునైన నేల అచ్చట మిక్కిలి తక్కువ. దేశమంతటను వరి పంటకే ప్రోత్సాహము లభించుచున్న కాలమున, 1961లో, ఆ యూరివారు వరిని తగ్గించి, ఉమే యను పుల్లని పండ్ల చెట్లను, చెస్ట్‌నట్ చెట్లను నాటిరి. వీనిని పెంచి హవాయి దీవులకు పోవుదమనుట వారి నినాదము. రైతునకు విహారయాత్ర యేల యని కొందఱు నవ్వవచ్చును. కాని కోరిక లేని పల్లెలో యువకులు నిలుతురా?

1990లో అచ్చటి వ్యవసాయ సహకార సంఘము ‘కొనోహానా గార్టెన్’ అను అంగడిని తెఱచెను. రైతు తన సరకునకు తానే వెల కట్టును. పొట్లముపై తన పేరుండును. ఉమే కాయలను ఉప్పున ఊరవైచి యెండబెట్టిన ఉమెబోషి మన ఊరగాయవలెనే ఇంటింటను ఒక్కొక్క రుచి. ఎవరి చేతి రుచి నచ్చినచో వారి పేరు వెదకి కొనవచ్చును. అంగడితోపాటు భోజనశాలయు కలదు. అందు పల్లె స్త్రీలు కూరలు, పుట్టగొడుగులు మొదలగువానితో తమ ఇండ్లలో వండుకొను వంటకములనే వండి పెట్టుదురు. పూర్వము కూలి లెక్కకు రాని ఆ చేతిపనికి ఇప్పుడు వెల యేర్పడినది.

2005లో ఓయామా హితా నగరమున విలీనమయ్యెను. అంగడిలో పొట్లములపై రైతుల పేర్లు మాత్రము అట్లే యున్నవి.